అలర్జీ టెస్టుకి డబ్బు కట్టే ముందు



పోయిన విద్యాసంవత్సరం ఒక పేరెంట్ టీచర్ మీటింగులో ఒక అమ్మగారు నా చేతిలో నాలుగు పేజీల జిరాక్స్ పెట్టారు. అది ల్యాబ్ రిపోర్ట్. వాళ్ళ బాబు ఆరో తరగతి. పాలు, గుడ్డు, గోధుమ, కందిపప్పు, వంకాయ, టమాటా, అరటిపండు, రొయ్యలు, పల్లీలు... ఇలా మొత్తం 27 పదార్థాల పక్కన "పాజిటివ్" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. "ఇవేవీ మావాడి నోట్లోకి పోకుండా కాస్త చూడండి మేడమ్" అన్నారావిడ. అప్పటికి రెండు నెలలుగా ఆ బాబు లంచ్ బాక్సులో అన్నం, సొరకాయ కూర తప్ప ఇంకోటి కనిపించడం లేదు. పెరుగు కూడా మానేశారు. స్నేహితుల పుట్టినరోజున క్లాసులో చాక్లెట్లు పంచుతుంటే వాడు లేచి వాటర్ బాటిల్ నింపుకోవడానికి వెళ్ళిపోయేవాడు. హెల్త్ కార్డు తిరగేస్తే బరువు పెరగకపోగా తగ్గింది.

"అసలు బాబుకి వచ్చిన ఇబ్బందేమిటండీ?" అని అడిగాను. పొద్దున లేవగానే వరసగా పది పదిహేను తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద. ఏదైనా తిన్నాక దద్దుర్లు గానీ వాంతులు గానీ వచ్చాయా అంటే, ఒక్కసారి కూడా రాలేదన్నారు. మరి తిండి టెస్టు ఎందుకు చేయించారు? ప్యాకేజీలో ఉందట. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్ళారట.

తర్వాత వాళ్ళు ఒక అలర్జీ స్పెషలిస్టును కలిశారు. ఆయన అరగంట సేపు ప్రశ్నలే అడిగి, చేతి మీద కొన్ని చుక్కల పరీక్ష చేసి, బాబుకున్నది ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగుల అలర్జీ అని తేల్చారు. తిండి అంతా వెనక్కి వచ్చేసింది. నేను డాక్టర్ని కాను, ఇంగ్లిష్ టీచర్ని. అయినా ఏటా ఇలాంటి రిపోర్టులు రెండు మూడు నా టేబుల్ మీదికి వస్తున్నాయి కాబట్టి, ఏ పరీక్ష దేనికి పనికొస్తుందో, ఏ మందు ఏం చేస్తుందో నేను తెలుసుకున్నంత మీతో చెప్పాలనిపించింది. మీ పిల్లల మందులు మార్చాల్సింది మాత్రం మీ డాక్టరుగారే.

రిజిస్టర్‌లో పేరు, గేటు దగ్గర గొడవ

అలర్జీ అనే మాటను 1906లో వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే పుట్టించారు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థ ఏ హానీ చేయని వస్తువును కూడా శత్రువనుకుని ఐజీఈ అనే యాంటీబాడీని తయారు చేసుకుంటుంది. ఆ వస్తువు మళ్ళీ లోపలికి వచ్చినప్పుడు హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. ముక్కులో విడుదలైతే తుమ్ములు, చర్మంలో అయితే దద్దుర్లు, ఊపిరితిత్తుల్లో అయితే పిల్లికూతలు, ఆయాసం.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. వచ్చేపోయే వాళ్ళలో కొందరి పేర్లు అనుమానంతో రిజిస్టర్‌లో రాసుకుంటాడు. రాసుకున్న ప్రతివాళ్ళతో గేటు దగ్గర గొడవ పెట్టుకోడు. ఐజీఈ పరీక్షలు చూపించేది ఆ రిజిస్టర్‌ని మాత్రమే. పేరుందని చెప్తాయి, గొడవ జరిగిందో లేదో చెప్పలేవు. తిండి విషయంలో పాజిటివ్ వచ్చిన పిల్లల్లో చాలామంది అదే పదార్థాన్ని హాయిగా తింటుంటారు. అలా ఏ ఇబ్బందీ లేకుండా తింటున్నదాన్ని రిపోర్ట్ చూసి ఆపకూడదని డాక్టర్లు చెప్పేది అందుకే. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో అయితే ఆపడం వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. నెలల తరబడి మానేసి మళ్ళీ పెట్టినప్పుడు, అంతకుముందు లేని అలర్జీ నిజంగానే వచ్చిన సందర్భాలున్నాయి.

రొయ్యల సంగతే చూడండి. రొయ్యల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దానికి బాగా దగ్గర పోలిక ఉన్న ప్రోటీనే దుమ్ము పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ ఉంది. దుమ్ము అలర్జీ ఉన్న పిల్లవాడి రక్తంలో రొయ్యలకూ పాజిటివ్ రావచ్చు. ప్రతి ఆదివారం రొయ్యల వేపుడు తిని ఏమీ కాని పిల్లవాడికి ఆ రిపోర్ట్ చూసి రొయ్యలు మాన్పించడం అన్యాయం కదా! అలాగని రొయ్యలు తిన్న పావుగంటకి పెదాలు వాచిన పిల్లవాడి రిపోర్టులో అదే పాజిటివ్ ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రిపోర్ట్ ఒకటే అయినా పిల్లవాడి కథను బట్టి దానికి అర్థం మారుతుంది.

ముందు ఒక నోట్‌బుక్

కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు రెండు మూడు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టి రాయండి. ఏం జరిగింది, ఎన్ని గంటలకి, అంతకుముందు ఏం తిన్నాడు, ఎక్కడున్నాడు, ఎంతసేపటికి తగ్గింది, ఏ మందు వేశారు. తిండి అలర్జీ అయితే సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపే బయటపడుతుంది, తిన్న ప్రతిసారీ వస్తుంది. సోమవారం తిన్నదానికి గురువారం దురద వచ్చిందంటే ఆ తిండిని అనుమానించడం కష్టం. దద్దుర్లు వచ్చిన వెంటనే ఫోన్‌లో ఫొటో తీయండి. డాక్టరుగారి అపాయింట్‌మెంట్ దొరికేసరికి అవి మాయమైపోతాయి!

సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్ళి అటక మీది పరుపులు దించిన రాత్రే తుమ్ములు మొదలయ్యాయా? అది రాయండి. స్కూల్లో బాగుండి ఇంట్లో ఎక్కువవుతోందా? ఖాళీ స్థలంలో వయ్యారిభామ మొక్కలు పూసే రోజుల్లో కళ్ళు ఎర్రబడుతున్నాయా? అదీ రాయండి. దీపావళి పొగకీ, అగరుబత్తికీ, చాక్‌పీస్ పొడికీ దగ్గు వస్తే అది ఎక్కువసార్లు అలర్జీ కాదు, ముక్కుకీ గొంతుకీ కలిగే రాపిడి. దానికి ఏ టెస్టులోనూ పాజిటివ్ రాదు. బెంచీ మార్చమని మాకు చెబితే సరిపోతుంది. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు అయ్యే పిల్లల్లో కొందరిది లాక్టోస్ అరగకపోవడం. అది కూడా అలర్జీ కాదు, ఐజీఈ పరీక్షలో కనబడదు.

ఈ నోట్‌బుక్ ముందు మీ పిల్లల డాక్టరుగారికి చూపించండి. అవసరమైతే ఆయనే అలర్జీ స్పెషలిస్టు దగ్గరికో, ఈఎన్‌టీ, చర్మ, ఊపిరితిత్తుల డాక్టర్ల దగ్గరికో పంపుతారు. టెస్ట్ రాసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో పాజిటివ్ వస్తే చికిత్సలో ఏం మారుతుందండీ?" దీనికి జవాబు స్పష్టంగా ఉంటే చేయించండి. "ఏమీ మారదు, ఊరికే తెలుసుకుందాం" అన్నట్లుంటే ఆ డబ్బు మిగిలినట్లే.

ఏ పరీక్ష ఎందుకు

స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో మోచేతి లోపలి వైపు అనుమానం ఉన్న పదార్థాల చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద చిన్న మొనతో తేలిగ్గా గుచ్చుతారు. రక్తం రాదు. పదిహేను ఇరవై నిమిషాల్లో దోమ కుట్టినట్లు ఉబ్బితే కొలుస్తారు. ఉత్త సెలైన్ చుక్క కంటే కనీసం 3 మి.మీ. ఎక్కువ ఉబ్బితే పాజిటివ్. పక్కనే హిస్టమిన్ చుక్క కూడా వేస్తారు, అది తప్పకుండా ఉబ్బాలి. ఉబ్బలేదంటే పిల్లవాడి ఒంట్లో అలర్జీ మాత్ర ప్రభావం ఇంకా ఉందన్నమాట. అందుకే సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ లాంటివి సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపమంటారు. కొన్ని జలుబు సిరప్పుల్లో కూడా ఇలాంటి మందులు ఉంటాయి కాబట్టి ఇంట్లో వాడే సీసాలన్నీ డాక్టరుగారికి చూపించండి. ఆస్తమా ఇన్‌హేలర్ మాత్రం దీనికోసం ఆపాల్సిన పని లేదు. అరుదుగా పరీక్ష సమయంలోనే రియాక్షన్ రావచ్చు, అందుకని అత్యవసర మందులు అందుబాటులో ఉన్న చోటే చేయించాలి.

ఒళ్ళంతా ఎగ్జిమా ఉన్నవాళ్ళకీ, మాత్రలు ఆపడానికి వీల్లేనివాళ్ళకీ రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ పరీక్ష చేస్తారు. దీనికి మందులేవీ ఆపక్కర్లేదు. ఇందులో కూడా అనుమానం ఉన్న నాలుగైదు పదార్థాలకే చేయించాలి. వంద పదార్థాల ప్యానెల్ వేస్తే ఏదో ఒకటి పాజిటివ్ రాకుండా ఉండదు. మా ఆరో తరగతి బాబుకి జరిగింది అదే.

టోటల్ ఐజీఈ అని ఇంకోటి ఉంది. చాలామంది పేరెంట్స్ ఈ అంకె చూసి హడలిపోతారు. "మేడమ్, నార్మల్ కంటే పదింతలుంది!" అని ఒక నాన్నగారు ఫోన్ చేశారు నాకు. నులిపురుగులున్నా ఈ అంకె పెరుగుతుంది, ఎగ్జిమా ఉన్నా పెరుగుతుంది. దేనికి అలర్జీయో ఇది చెప్పదు. ఇది మామూలుగా ఉన్నంతమాత్రాన అలర్జీ లేదనీ కాదు.

ప్యాచ్ టెస్ట్ పూర్తిగా వేరు. వాచీ బెల్టు, కృత్రిమ నగల్లోని నికెల్, హెయిర్ డై, చెప్పుల రబ్బరు లాంటివి తగిలిన చోట ఒకటి రెండు రోజులకు చర్మం పొక్కితే, ఆ పదార్థాలను వీపు మీద అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తారు, ఇంకో రోజో రెండు రోజులో ఆగి మళ్ళీ చూస్తారు. దీంతో తుమ్ముల సంగతి తేలదు.

తిండి అలర్జీలో ఆఖరి మాట ఓరల్ ఫుడ్ ఛాలెంజ్‌ది. ఆసుపత్రిలో, డాక్టర్ ఎదురుగా, అనుమానం ఉన్న పదార్థాన్ని చాలా కొద్దిగా మొదలుపెట్టి పెంచుతూ తినిపించి చూస్తారు. దయచేసి ఇంట్లో ఈ ప్రయోగం చేయకండి. "కొంచెం పెడితే అలవాటు అవుతుందిలే" అని నాయనమ్మగారు అన్నా సరే. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో పెద్దయ్యేకొద్దీ పోతాయి. పల్లీలు, జీడిపప్పు, చేపలు, రొయ్యలవి ఎక్కువగా ఉండిపోతాయి. చిన్నప్పుడు పెట్టిన నిషేధాన్ని పదో తరగతి దాకా మోయకుండా, ఎప్పుడు మళ్ళీ పరీక్షించాలో డాక్టరుగారిని అడగండి.

ఇక చేయించకూడనివి. "ఫుడ్ ఇన్‌టాలరెన్స్" పేరుతో ఐజీజీ పరీక్షలు అమ్ముతున్నారు. ఐజీజీ అంటే ఆ తిండి మనం తిన్నామని శరీరం గుర్తుపెట్టుకోవడమే. రోజూ అన్నం, పెరుగు తినేవాళ్ళకి వాటికే పాజిటివ్ రావడంలో వింతేముంది? అమెరికా, యూరప్, కెనడా అలర్జీ వైద్యుల సంఘాలు ఈ పరీక్షలతో తిండి అలర్జీని నిర్ధారించవద్దని స్పష్టంగా చెప్పాయి. వెంట్రుకలు పంపితే అలర్జీ చెప్పే పరీక్షలూ అంతే. రిపోర్టులో ఐజీఈ అని ఉందో ఐజీజీ అని ఉందో ఆ చివరి అక్షరం చూడండి.

మందుల సంగతి

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాప రోజూ ఫస్ట్ పీరియడ్‌లో తూగేది. రెండుసార్లు నిలబెట్టాను, డైరీలో "అటెన్షన్ లేదు" అని రాశాను. నెల తర్వాత వాళ్ళమ్మగారు చెబితే తెలిసింది, జలుబుకని రాత్రీ పొద్దునా క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న సిరప్ వేస్తున్నారట. ఆ పాత తరం అలర్జీ మందులు మెదడులోకి వెళ్ళి మగత తెస్తాయి, ఏకాగ్రత తగ్గిస్తాయి. రాత్రి వేసినదాని ప్రభావం మర్నాడు పొద్దున కూడా ఉండొచ్చు. లోరటాడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్త తరం మందులతో మగత చాలా తక్కువ, సెట్రిజిన్‌తో కొందరికి కాస్త ఉంటుంది. పరీక్షల నెలలో ఈ తేడా మార్కుల్లో కనిపిస్తుంది. మందు మొదలుపెట్టాక పిల్లవాడు మందకొడిగా ఉంటే డాక్టరుగారికీ చెప్పండి, మాకూ ఒక ముక్క డైరీలో రాయండి. నిలబెట్టం.

తుమ్ములు, దిబ్బడ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి మాత్రల కంటే బాగా పనిచేసేది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటివి. "స్టెరాయిడ్" అనగానే భయపడేవాళ్ళు ఎక్కువ, కానీ ఇవి ముక్కులోనే పనిచేసి ఒంట్లోకి చాలా తక్కువ వెళ్తాయి. మూడు రోజులు వాడి "పనిచేయలేదు" అని పక్కన పెట్టకండి, పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మొన చెవి వైపు ఉండేలా కొట్టాలి. మధ్య గోడకి కొడితే రక్తం వస్తుంది. వెంటనే ముక్కు తెరిపించే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు వేరే జాతి. నాలుగైదు రోజులు దాటితే అవే దిబ్బడ తెస్తాయి.

మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిపిన మాత్ర మన దగ్గర చాలా మంది పిల్లలు వాడుతున్నారు. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల లాంటి మానసిక మార్పులు రావచ్చని తన అతి తీవ్రమైన హెచ్చరికను పెట్టించింది. వేరే మందులతో తగ్గే మామూలు ముక్కు అలర్జీకి దీన్ని వాడవద్దని సూచించింది. వాడుతున్న ప్రతి పిల్లవాడికీ ఇలా అవుతుందని కాదు. ఆస్తమా ఉన్నవాళ్ళు చెప్పకుండా ఆపితే ఇంకో ప్రమాదం. కానీ ఉన్నట్టుండి పిల్లల నిద్ర, ప్రవర్తన మారితే ఈ మాత్ర పేరు గుర్తుచేసుకుని డాక్టరుగారితో మాట్లాడండి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో నెలల తరబడి కొనడం మాత్రం మానండి.

ఆస్తమా పిల్లల తల్లిదండ్రులు నాతో తరచూ అనే మాట: "ఇన్‌హేలర్ అలవాటైపోతుందేమో!" అలవాటు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకి వెళ్తుంది కాబట్టి మాత్రకంటే, సిరప్ కంటే చాలా తక్కువ డోసు సరిపోతుంది. మృగశిర కార్తెకి హైదరాబాద్ ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి వెళ్ళే కుటుంబాలు మన పేరెంట్స్‌లోనూ ఉన్నాయి. నమ్మకం మీది, నేను కాదనను. ఇన్‌హేలర్ మాత్రం ఆ రోజు కూడా ఆపకండి.

దుమ్ము పురుగులు ఎక్కువగా ఉండేది పరుపుల్లో, దిండ్లలో. దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకడం, దూది పరుపులు ఎండలో వేయడం, పొడి చీపురుకు బదులు తడిగుడ్డ పెట్టడం మందులంత ముఖ్యం. పిల్లవాడు గదిలో ఉండగా పరుపు దులపకండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఇమ్యూనోథెరపీ ఉంది. అలర్జీ కలిగించే పదార్థాన్నే చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, ఇంజెక్షన్‌గానో నాలుక కిందో ఇస్తూ శరీరానికి అలవాటు చేస్తారు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మూడు నుంచి అయిదేళ్ళు పడుతుంది. ముక్కు అలర్జీకీ, అదుపులో ఉన్న ఆస్తమాకీ, తేనెటీగ కుట్టినప్పుడు వచ్చే ప్రమాదకర అలర్జీకీ, అదీ కారణం పరీక్షలో రుజువైనప్పుడే ఇస్తారు. ఇంజెక్షన్ తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఒక్క చూపులోనే ఇరవై పదార్థాలు కలిపిన "వ్యాక్సిన్" సీసా చేతికిచ్చి ఇంటికి పంపేవాళ్ళుంటే ఇంకో డాక్టరుగారి సలహా తీసుకోండి.

ఆగని రియాక్షన్ వస్తే

తిన్న తర్వాతో, ఏదైనా కుట్టిన తర్వాతో దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, వరసగా వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి కలిసొస్తే దాన్ని అనఫిలాక్సిస్ అంటారు. దీనికి మందు అడ్రినలిన్, తొడ కండరంలోకి ఇంజెక్షన్. సెట్రిజిన్ మాత్ర దురద తగ్గిస్తుందే కానీ ప్రాణం కాపాడదు. విదేశాల్లో పిల్లల బ్యాగుల్లో ఉండే అడ్రినలిన్ పెన్నులు మన మెడికల్ షాపుల్లో సులభంగా దొరకవు కాబట్టి, ఒకసారి ఇలాంటి రియాక్షన్ వచ్చిన పిల్లలకి ఇంట్లో ఏం ఉంచుకోవాలో, ఎవరు ఇవ్వాలో డాక్టరుగారితోనే రాయించుకోవాలి. 108కి ఫోన్ చేసి, పిల్లవాడిని పడుకోబెట్టి కాళ్ళ కింద ఎత్తు పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. నడిపించుకుని వెళ్ళకండి. తగ్గినట్లు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు, అందుకే ఆసుపత్రిలో ఉంచి చూస్తారు.

పల్లీ అలర్జీ ఉన్న పిల్లలకి మన వంటింట్లో జాగ్రత్త కాస్త ఎక్కువే కావాలి. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, గుత్తివంకాయ మసాలా, పులిహోర, చిక్కీ... గానుగ నూనెలో కూడా పల్లీ ప్రోటీన్ మిగిలి ఉండొచ్చు. బాక్సులు పంచుకునే వయసు వాళ్ళది. అందుకని క్లాసులో ఇలాంటి పాపో బాబో ఉంటే మిగతా తల్లిదండ్రులకి పేరు చెప్పకుండా డైరీలో రాస్తాం, పుట్టినరోజుకి చిక్కీ పంపకండి.

స్కూలుకి మీరు ఇవ్వాల్సింది 27 పేర్ల జాబితా కాదు. డాక్టరుగారు సంతకం చేసిన ఒక్క కాగితం చాలు. నిజంగా ఏం పడదు, వస్తే ఏ లక్షణాలతో మొదలవుతుంది, ముందు ఏం ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు. దాని మీద పిల్లవాడి బరువూ, తేదీ ఉండేలా చూడండి. అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన పాత కాగితాలే చాలామందివి ఫైల్లో ఉన్నాయి. అప్పటికి 16 కిలోలున్న పిల్లవాడు ఇప్పుడు 30 కిలోలున్నాడు. పిల్లల్లో అడ్రినలిన్ డోసు బరువును బట్టే లెక్కగడతారు. కొత్తది వచ్చే మీటింగ్‌కి తీసుకురండి, ఒక కాపీ క్లాస్ టీచర్‌కీ, ఒకటి సిక్ రూమ్‌కీ, ఇంకొకటి బస్ ఆయాకీ ఇస్తాం.